శబ్దం వద్దన్నా

అన్నయ్య పోయి నెల తిరగలేదు. అతను రాస్తూ సగంలో వదిలేసిన పుస్తకం, తనకు నచ్చినట్టు మార్చుకున్న టెక్స్ట్ ఎడిటర్‌లో తప్ప ఎక్కడా తెరుచుకోదు. పాత కంప్యూటర్ పాడైపోయింది. కొత్తదాంట్లో ఆ ఎడిటర్‌ని సోర్స్ కోడ్ నుంచి మళ్లీ కంపైల్ చేసి తయారు చేద్దామని తమ్ముడు రాత్రి అన్నయ్య గదిలో కూర్చున్నాడు.

"అది ఒక్కటి చదివించు నాయనా. ఇంకేం వద్దు నాకు," అని వదిన పక్కగదిలోకి వెళ్లి నడుం వాల్చింది. ఇన్నాళ్లకు ఆమెకు కునుకు పట్టింది.

తమ్ముడు ఎడిటర్‌కి ఏమేం కావాలో ఎంచుకోసాగాడు. బొమ్మలు కావాలి. తెలుగు అక్షరాలు కావాలి. శబ్దం వద్దు, వదిన లేస్తుంది. తీరా సరిచూసుకుంటే తెర మీద శబ్దం ఉన్నట్టే వచ్చింది. పొరపాటు పడ్డానేమోనని మళ్లీ వద్దన్నాడు. మళ్లీ ఉందనే వచ్చింది. విసుగొచ్చి స్పీకర్ల వైరు పీకేసి, కంపైల్ చేసేశాడు.

ఎడిటర్ తెరుచుకుంది. పేజీ ఖాళీగా ఉంది. టకటకమని టైపు చేస్తున్న చప్పుడు మొదలైంది. తమ్ముడి చేతులు ఒళ్లోనే ఉన్నాయి. నాలుగు మాటలకోసారి ఆ చప్పుడు ఆగి, ఎవరో గొంతు సవరించుకుంటున్నారు. ఆ అలవాటు ఎవరిదో అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

"ఏవండీ," వదిన నిద్రమత్తులో పిలిచింది. "ఇంక చాల్లెండి. వచ్చి పడుకోండి."

చప్పుడు ఆగిపోయింది.

'వదినా' అని కేకెయ్యబోయాడు.  

అంతలోనే పక్కగదిలో మంచం కిర్రుమంది.

"అబ్బ, కాళ్లేంటండీ ఇంత చల్లగా ఉన్నాయి!" అంది వదిన.