రెండో ముక్క

"మీ చెల్లెలికి పదిహేనేళ్ళు నిండిన విందులో నీ కాలెందుకు కదిలింది?" అని అడిగాడు సెల్విన్.

"దోమ కుట్టిందన్నా. బల్ల కింద," అన్నాడు యోవానీ.

"సరిగ్గా చిందులేయించే ఆ పుంతా పాట మొదలైనప్పుడే కుట్టిందా?"

"దోమకి పాటల సంగతి ఏం తెలుస్తుందన్నా!"

ముగ్గురు పెద్దల్లో ఒక్కరూ నవ్వలేదు. సగం కట్టి వదిలేసిన మేడ మీద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. అంత మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ చొక్కా చేతులకి మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకున్నారు. ఎదురుగా యోవానీ నిలబడ్డాడు. అరచేతుల చెమటకి బైబిలు అట్ట తడిసిపోయింది.

ఈ పరీక్ష నెగ్గితే ఆదివారం ఏట్లో బాప్తిస్మం, ఆ పైన మనసిచ్చిన డెనియాతో పెళ్ళి. ఓడితే అతనికి ఆదివారమే లేదు. ఇంటి దగ్గర తల్లి మూడు రోజులుగా ఉపవాసం చేస్తోంది.

పెద్దల్ని తప్పుపట్టడానికీ లేదు. సర్కారు ఎమర్జెన్సీ పెట్టి, వీధికో పోలీసు బండి నిలబెట్టిన దగ్గర్నుంచీ మా లోమా సెకా పేటలో భక్తి వెర్రితలలు వేసింది. నిన్నటి దాకా సారా కొట్టు అరుగు దిగనివాడు కూడా ఇవాళ చంకలో బైబిలుతో తిరుగుతున్నాడు. రొట్టెల కొట్టుకి వెళ్తే "వందనాలు బ్రదర్" అన్నాకే చిల్లర చేతికొస్తోంది. ఇందులో గింజ ఏదో, తాలు ఏదో ఎవరో ఒకరు చెరిగి చూడాలి కదా.

"పాస్టరుగారు ఉత్తరం ఇచ్చారన్నా," అంటూ యోవానీ కాగితం అందించాడు.

ముగ్గురిలోకీ పెద్దవాడైన నహూన్ దాన్ని విప్పనైనా లేదు.

"ఎలిసేయో పాస్టరుది వెన్నలాంటి మనసు, తమ్ముడూ. ఏడ్చినవాడికల్లా ఉత్తరం రాసిచ్చేస్తాడు. నమ్మడం ఆయన పని. పరీక్షించడం మా పని. పోయిన నెల ఆయన ఉత్తరం తెచ్చినవాళ్ళలో ఇద్దరు దొంగ భక్తులని మేమే తేల్చాం."

ఆ ఇద్దరూ మళ్ళీ చర్చిలో కనబడలేదు. ఆ సంగతి యోవానీకీ తెలుసు.

సెల్విన్ చిన్న నోటుబుక్కు తిరగేశాడు. యోవానీ మారుమనసు పొందిన ఈ మూడు నెలలూ అందులో పూసగుచ్చినట్టు ఉన్నాయి.

"ఫిబ్రవరి పదకొండు. ఉపవాస ప్రార్థనలో నిద్రపోయావు."

"కళ్ళు మూసుకుని ప్రార్థన చేశానన్నా."

"గురక పెట్టావు."

"అయితే అది నిద్రేనన్నా."

"బిలియర్డ్స్ కొట్టు ముందు ఏడు నిమిషాలు నిలబడ్డావు."

"వానన్నా! నన్ను చూసినవాళ్ళనే అడగండి, వాళ్ళూ తడిసే ఉంటారు."

సెల్విన్ పేజీ చూసుకుని, వాన మాట నిజమేనన్నట్టు తలూపాడు. తన మందలో ఎవరు ఏ రోజున గురక పెట్టారో పాపం పాస్టరుగారికి కూడా ఇంత వివరంగా తెలియదు.

అప్పటిదాకా నోరు విప్పని మూడో మనిషి ఓబెద్ దగ్గాడు. "తొంభై ఒకటో కీర్తన చెప్పు."

అపాయం రాకుండా కాస్తుందని, మా పేటలో ఏ ఇంట్లో చూసినా బైబిలు ఆ పేజీ దగ్గరే తెరిచి ఉంటుంది. గోడ ఎంత పలచనైతే ఆ కీర్తన మీద అంత నమ్మకం. యోవానీ మొదలుపెట్టాడు. సగం దాకా బాగానే నడిచింది. ఆ పైన ఎంత తడుముకున్నా తరవాతి మాట రాలేదు.

ఓబెద్ తలొంచుకుని ఆ మాట మెల్లగా అందించాడు.

"పరీక్షలో అందించడం ఏంట్రా?" అన్నాడు సెల్విన్.

"మా అమ్మ రోజూ చదివేదిలే," అన్నాడు ఓబెద్, దొంగతనం బయటపడ్డవాడిలా.

యోవానీ గుక్క తిప్పుకోకుండా చివరిదాకా అప్పజెప్పాడు.

"ఆఖరి ప్రశ్న," అన్నాడు నహూన్. "ఆ విందులో కేకు తిన్నావా?"

"తిన్నానన్నా."

"దాన్ని రమ్ములో నానబెట్టారు."

"అవునన్నా."

"ఎన్ని ముక్కలు?"

సెల్విన్ నోటుబుక్కు చూసి నహూన్‌కి ఒక వేలు చూపించాడు. ఆ వేలు యోవానీకీ కనబడింది. ఆ మాటే అనేస్తే గండం గడిచిపోతుంది. అతను చేతిలో బైబిలు వంక చూశాడు. తల్లి గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది.

"రెండు," అన్నాడు.

"మా లెక్కలో ఒకటే ఉందే!"

"రెండోది వంటింట్లో తిన్నానన్నా. తలుపేసుకుని."

"మొదటి ముక్కలోనే రమ్ము తెలియలేదా?"

"అనుమానం వచ్చిందన్నా. రెండోది నిర్ధారణ కోసం."

ముందు నహూన్ బొజ్జ కదిలింది. తరవాత భుజాలు కదిలాయి. చివరికి కుర్చీ కిర్రుమనేలా పగలబడి నవ్వాడు.

"దొంగ భక్తుడైతే అసలు కేకు మొహమే చూళ్ళేదనేవాడు. వీడెవడ్రా బాబూ, మనం అడగని పాపం కూడా మోసుకొచ్చి ముందు పడేస్తున్నాడు! వీడిది నిజం భక్తే. పో తమ్ముడూ, పో. కానీ ఒక్క ఆదివారం చర్చి మానావో, మాకు తెలుస్తుంది. బీరు సీసా మూత వాసన చూసినా తెలుస్తుంది. దేవుడితో ఆటలొద్దు."

"ఆడనన్నా. వందనాలన్నా," అంటూ యోవానీ మెట్లు రెండేసి చొప్పున దిగాడు. కళ్ళ నీళ్ళకి మెట్లు సరిగా కనబడలేదు.

పిట్టగోడ మీంచి ఓబెద్ గొంతు తగ్గించి పిలిచాడు. "ఒరేయ్, ఆదివారం ప్రార్థనలో నా పేరు కూడా ఒకసారి ఆయన చెవిన వెయ్యి."

యోవానీ వీధి మలుపు తిరిగాక, ముగ్గురూ కుర్చీల కింద పెట్టిన తుపాకులు తీసి నడుముకి దోపుకున్నారు. తమ ముఠాని వదిలిపోయేవాణ్ణి దేవుడికి తప్ప ఇంకెవరికీ ప్రాణాలతో ఇవ్వకూడదన్నది వాళ్ళ కట్టుబాటు.