చావింటికి వంతు లేదు

మున్సిపల్ ఆఫీసు తలుపు వెనక ఇనుప రాడ్డు నిలబడి ఉంది.

అమల నాయన ముప్పై ఏళ్ళు వాల్వులు తిప్పి వీధివీధికీ వంతు ప్రకారం నీళ్ళు వదిలింది దాంతోనే. ఆయన అరచేతులు పట్టిపట్టి పిడి నున్నబడిపోయింది.

ఇప్పుడు ఏ వీధికి ఎప్పుడు నీళ్ళు వదలాలో కొత్త యంత్రమే లెక్కగట్టి, వాల్వులు తానే తిప్పుకుంటుంది.

మూడు నెలల పరీక్ష ఈరోజుతో సరి. బాగా పనిచేస్తోందని ఇంజనీరు అమల సంతకం పెడితే కొనేస్తారు. రాడ్లన్నీ పాత ఇనుముకు పోతాయి. పెట్టకపోతే సంజాయిషీ నువ్వే ఇచ్చుకోవాలని కమిషనర్ ముందే చెప్పాడు.

కంపెనీ మనిషి హేమచంద్ర కాగితం ఆమె ముందు పెట్టాడు. చుక్క నీరు వృథా కాలేదు. ఒక్క వీధి వంతు తప్పలేదు.

అమల పెన్ను మూత తీసింది.

అప్పుడొచ్చింది మగ్గాల వీధి నాగులమ్మ, చెదిరిన జుట్టుతో.

"మా అత్త తెల్లారి పోయిందమ్మా. ఇంట్లో బిందెడు నీళ్ళు ల్యావు. మీ నాయన ఉండింటే నేనింత దూరం వచ్చే పనే ల్యా."

హేమచంద్ర యంత్రం తెర మీద, వంతు కాకుండా నీళ్ళు వదిలే కారణాల పట్టీలో వెతికాడు. అగ్నిప్రమాదం అని ఉంది. పండగ అని ఉంది. చావు అని లేదు. మగ్గాల వీధికి రేపు ఉదయం ఆరింటికి వస్తాయని మెల్లగా చెప్పాడు.

"దానికేం తెల్సునప్పా," అంది నాగులమ్మ. "దానికి అత్తా ల్యాదు, సావూ ల్యాదు."

అమల లేచి రాడ్డు అందుకుంది.

మగ్గాల వీధి మొదట్లో, మోటారు బిగించిన వాల్వు పక్కనే పాతది ఇంకా ఉంది. రాడ్డు దాని గుంతలోకి దించి, బరువంతా వేసి తిప్పింది. అది కదలడానికి చాలాసేపు పట్టింది.

అమ్మ పోయినప్పుడు అమలకు పదేళ్ళు. పాడె కట్టకముందే నాయన లేచి, రాడ్డు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. అమ్మను అట్లా వదిలేసి డ్యూటీకి పోతున్నాడని ఆమెకు ఏడుపుతో పాటు కోపమూ వచ్చింది.

కాసేపటికి, ఆ రోజు వంతు కాకపోయినా, వాళ్ళ వీధి కొళాయిలో నీళ్ళొచ్చాయి.

ఇప్పుడు మగ్గాల వీధి గొట్టంలో నీళ్ళ చప్పుడు మొదలైంది. అమల ఫోన్ మోగింది, ఆఫీసులో తెర చూసే అతను.

"మేడమ్, మగ్గాల వీధిలో లీకేజీ అని మిషన్లో సూపిస్తా ఉండాది. ఎవర్ని పంపేది?"

"ఎవరూ వద్దప్పా. నేనీడే ఉండాను."

బిందెలు నిండేదాకా అక్కడే నిలబడింది.

సాయంత్రం కాగితం సంతకం లేకుండానే కమిషనర్ గదిలోకి పోయింది. లోపాలు అన్న గడిలో ఒకటే వాక్యం రాసి ఉంది: చావింటికి వంతు లేదని దీనికి తెలియదు.

తలుపు వెనక రాడ్డు ఇంకా తడిగానే ఉంది.