వంతెన బొమ్మ

"టీవీ ఆర్పొద్దు సామీ. ఆ వంతెన బొమ్మ వచ్చి పోనీ."

ఆ పూట విసుగెత్తి స్విచ్చు మీదికి పోయిన ఓబళప్ప చెయ్యి ఆగింది.

బెంగళూరు కాటన్‌పేటలో ఆయనది పరుపుల అంగడి. గల్లా పక్కన చిన్న నలుపు తెలుపు టీవీ. అది తొంభై నాలుగో సంవత్సరం, ఆ వీధిలోకి కేబులు ఇంకా రాలేదు. సాయంత్రం సర్కారు టీవీలో కన్నడ వార్తలు మొదలవగానే ఓబళప్ప తిట్లు కూడా మొదలవుతాయి. రెండూ అయితేగాని అంగడి మూయడు.

మెట్టు మీద నిలబడ్డ ఆడమనిషి కొత్తది. కొంగు నిండా సిమెంటు మరకలు.

"కన్నడం వచ్చునా నీకు?"

"రాదు సామీ. మాది కదిరి పక్క."

"మరేం జూస్తావు?"

"బొమ్మ జూస్తా."

అంతలో ఆ బొమ్మ రానే వచ్చింది. రైలు గేటు దగ్గర కడుతున్న వంతెన. మంత్రి టోపీ పెట్టుకొని పని చూస్తున్నాడు. వెనక కూలీలు తట్టలు మోసుకుంటూ వరుసగా పోతున్నారు. చివరివాడు తువ్వాలుతో మొహం తుడుచుకొని, ఇటు తిరిగి నవ్వాడు. పని చురుగ్గా సాగుతోందని చెప్పి, వార్తలు చదివే ఆమె ఇంకో వార్తలోకి వెళ్లిపోయింది.

మెట్టు మీదామె కూడా నవ్వింది. కొంగు సర్దుకొని వెళ్లిపోయింది.

"చురుగ్గా అంట," అన్నాడు ఓబళప్ప, పక్కంగడి నంజప్పతో. "స్లాబు కూలినప్పట్నించి పని నిల్చిపోయుండాది. స్కూటర్ ఆపి నేను కూడా ఒక చెయ్యేసినానప్పా. ఇద్దర్ని ఈడ్చి బయటికి తీస్తిమి. సిమెంటులో మొగాలు కూడా తెలీలేదు. ఆ పొద్దు కూడా ఇదే పాత బొమ్మ ఏసినారు."

"ఎలక్షన్లు వస్తా ఉండాయి కదప్పా. పైనోళ్లు ఏం చెప్తే అది చదువుతారు."

"సచ్చినారని ఒక్క మాట చెప్పేకి నోరు రాదా? కూలోళ్లు మనుషులు కాదా?"

ఓబళప్ప ఏ పార్టీ మనిషీ కాదు. ఆ ఇద్దరి గురించి టీవీలో ఒక్క మాట చెప్తే చాలు, ఆయనకు కంటినిండా నిద్ర పడుతుంది. అంతకంటే ఏమీ అడగడంలేదు.

ఆమె రోజూ వచ్చేది. వానలో కూడా వచ్చింది. వంతెన బొమ్మ వస్తే చూసి నవ్వుకొని పోయేది. రాని రోజు, వాతావరణం దాకా ఓపిగ్గా నిలబడేది.

ఒకనాడు ఓబళప్పకు మండిపోయింది.

"ఏమ్మా, మంత్రి మీకు చుట్టమా? పార్టీవాళ్లు చీరలేమన్నా పంచినారా?"

"ఆయన్నెవరు జూస్తారు సామీ."

"ఆ వంతెన కాడ మనుషులు సచ్చినారు. తెలుసునా నీకు?"

"తెలుసు సామీ."

"తెలిసీ ఈ అబద్ధాన్ని చూసి నగుతా ఉండావా?"

ఆమె తల దించుకుంది. మర్నాటి నుంచి మెట్టు ఎక్కలేదు. వీధికి అవతల, టైలరు అంగడి నీడలో నిలబడి, మెడ సాచి చూసేది. అంత దూరానికి ఆ చిన్న టీవీలో ఏం కనబడుతుందో. ఓబళప్ప చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఆయన పని ఆయనకుంది. వీధిలో ప్రతి అంగడివాడి చేతా టీవీ ఆఫీసుకు కార్డులు రాయించాడు. తానే పోయి ఆఫీసరు ముందు కూర్చొని అరిచి వచ్చాడు. ఒక పత్రికాయన వెంటపడి నాలుగు ముక్కలు వేయించాడు.

చివరికి ఒక సాయంత్రం చెప్పారు. వంతెన స్లాబు కూలి ఇద్దరు కూలీలు మరణించారు, విచారణ జరుగుతోంది. పాత బొమ్మ వేయలేదు.

ఎప్పుడూ బై టూ కాఫీ తాగే ఓబళప్ప ఆ రోజు అందరికీ నిండు కాఫీ తెప్పించాడు.

కొన్నాళ్లకు ఆమె మళ్లీ మెట్టెక్కింది.

"సామీ, ఆ బొమ్మ ఎయ్యడంలేదే."

"ఇంగ ఎయ్యరు. మేమే నిలిపిస్తిమి."

ఆమె తలుపు పట్టుకుంది.

"ఎవరన్నా క్యాసెట్లో పట్టి పెట్టుకోనుంటారా సామీ? ఒక్కతూరి చూస్తే చాలు. మళ్లీ అడగను."

"ఆ అబద్ధాన్నా? ఎవరు పెట్టుకుంటారమ్మా."

టీవీలో వాతావరణం చెప్తున్నారు. ఆమె అది అయ్యేదాకా చూసింది. దండం పెట్టి వెళ్లిపోయింది.

ఆమె మళ్లీ రాలేదు. వార్తల వేళకు ఆయన కళ్లు వీధి అవతలికి పోతూనే ఉన్నాయి.

పరుపులు కుట్టే మారెమ్మ ఉండేది కూలీల షెడ్ల పక్కనే. ఉండబట్టలేక ఆమెను అడిగాడు.

"కదిరి ఆమె ఒకతె ఉండె కదా, కనపడదే?"

"ఈరమ్మనా? ఊరికి పాయెనప్పా. ఇంగ ఈడ చూసేకి ఏముండాదని."

"మంత్రి కనపడలేదనా?" ఓబళప్ప నవ్వబోయాడు.

మారెమ్మ సూది ఆపింది.

"మంత్రితో దానికేం పని. ఒక ఫోటో కూడా లేదు దానికాడ. ఉండిందంతా మీ టీవీలోనే."

"ఎవరి ఫోటో?"

వంతెన బొమ్మ ఆయనకు కంఠతా వచ్చు. మంత్రి, టోపీ, తట్టల వరుస. ఒక్కొక్కటే కళ్ల ముందు తిరిగాయి.

"చివర్న తువ్వాలతో మొగం తుడుసుకొని నగుతాడే, వాడు," అంది మారెమ్మ. "మీరు స్లాబు కిందనుంచి ఈడ్చి తీసినోళ్లలో ఒకడు, ఈరమ్మ మొగుడు."