నీలం సంచి

“చొక్కా విప్పు, యెర్కో,” అంది డాక్టర్ దివ్నా.

యెర్కో బొత్తాలు తీస్తుంటే నల్లటి ప్యాంటు మీద తెల్లగా పొట్టు రాలింది. పక్కనే నిలబడ్డ నెవెంకా దాన్ని చేత్తో దులిపి, భర్త చొక్కా మడిచి పట్టుకుంది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ పొట్టు ఊడ్చినన్నిసార్లు ఆమె ఇల్లు కూడా ఊడ్చి ఉండదు.

డాక్టర్ వీపంతా చూసింది. మోచేతులు చూసింది. కాగితం మీద ఏదో అంకె వేసి పెన్ను పక్కన పడేసింది.

“నాకైతే అంతుపట్టడం లేదు. మే నెలలో ఇంజెక్షన్లు మొదలుపెడితే ఆగస్టుకల్లా ఒళ్లు అద్దంలా అయింది. సెప్టెంబరు నుంచి మళ్లీ మొదటికొచ్చింది. సోరియాసిస్ మొండిదే, కాదనను. కానీ మరీ ఇంత హఠాత్తుగానా?”

“నా ఒంటికి సుఖం పడదులెండి డాక్టరమ్మా,” అని నవ్వబోయాడు యెర్కో. నవ్వు రాలేదు.

ఆ ఆగస్టు నెవెంకాకు బాగా గుర్తు. దీవిలో ఊరి పండుగ. యెర్కో పొట్టి చేతుల చొక్కా తొడుక్కుని, పాటల జట్టులో ముందు వరుసలో నిలబడి గొంతెత్తి పాడాడు. పోస్టాఫీసు ల్యూబిత్సా అతని చెయ్యి తడిమి, “ఇన్నాళ్లూ ఈ అందాన్ని ఎక్కడ దాచావయ్యా?” అంది. అందరూ నవ్వారు. నెవెంకా కూడా నవ్వింది. చలికాలం వచ్చేసరికి అదే జట్టువాళ్లు, “మా కోట్ల మీద పొట్టు రాలుతోంది, కొన్నాళ్లు ఇంటిపట్టునే ఉండు,” అని కబురు పెట్టారు. అప్పటినుంచి మనిషి గడప దాటడమే మానేశాడు.

“రేపు మందులు మంజూరు చేసే కమిటీ కూర్చుంటుంది,” అంది డాక్టర్. “మందు మార్చమని ఇవాళే రాస్తాను. కొత్తది ఇంటికివ్వరు, నెలనెలా ఇక్కడికొస్తే నర్సే వేస్తుంది. కాదు, పాతదే ఇంకో పెట్టె చూస్తామంటే మీ ఇష్టం. అదీ పనిచేయకపోతే మాత్రం కమిటీ పేరు కొట్టేస్తుంది. ఇక జన్మంతా పూత మందులే గతి.”

యెర్కో ముఖం వెలిగింది. “కొత్తదే రాయండి!” అనేసి భార్యవైపు తిరిగాడు. “ఏమంటావే?”

“చలికాలం సముద్రం సంగతి నీకు తెలియనిదా? పడవలు ఆగిపోయిన నెల ఏం చేస్తావు, ఈదుకుంటూ వస్తావా?” నెవెంకా డాక్టర్ వైపు తిరిగింది. “డాక్టరమ్మా, మీ కాళ్లు పట్టుకుంటాను. పాతదే ఒక్క పెట్టె ఇప్పించండి. ఇంట్లో నేను చూసుకుంటాను కదా!”

ఆమె కళ్ల నిండా నీళ్లు చూసి డాక్టర్ మెత్తబడింది. “ఇలాంటి ఇల్లాలు దొరకడం నీ అదృష్టమయ్యా.”

“మా ఇంటి డాక్టరు ఆవిడే. ఆవిడ మాటే నా మాట,” అని యెర్కో సంతకం పెట్టాడు.

కింద మందుల గదిలో నర్సు జోర్కా, పెట్టెను నీలం సంచిలో పెట్టింది.

“మంచు పొట్లం పెట్టెకు తగలనివ్వకక్కా. చల్లగా ఉండాలే కానీ గడ్డకట్టకూడదు. ఒక్కసారి గడ్డకట్టిందా, మళ్లీ కరిగినా ఉత్త నీళ్లే. పైకి చూస్తే తేడా కూడా తెలీదు.”

“ప్రతిసారీ చెబుతూనే ఉన్నావుగా తల్లీ,” అంది నెవెంకా, మధ్యలో తువ్వాలు సర్దుతూ.

పడవలో దారి పొడుగునా సంచి ఆమె ఒళ్లోనే ఉంది. చల్లగాలికి యెర్కో మెడ గోక్కుంటున్నాడు.

“వచ్చే పండక్కి ముందు వరుసలో ఉంటానంటావా?”

“చూద్దాంలే.”

“నా వీపు చూస్తే నాకే రోత. నువ్వు తప్ప దీన్ని ఎవరు ముట్టుకుంటారే?”

“ఎవరూ ముట్టుకోరు,” అని నెవెంకా అతని భుజం మీద తల వాల్చింది.

ఇల్లు చేరగానే యెర్కో చొక్కా విప్పి బోర్లా పడుకున్నాడు. పూత మందు కోసం ఎదురుచూస్తూ సన్నగా పాత పాటేదో తీశాడు.

“త్వరగా రావే, దురద చంపేస్తోంది! ఇంజెక్షన్ సోమవారమేగా?”

“సోమవారమే. మందు జాగ్రత్త చేసి వస్తున్నా,” అంది వంటింట్లోంచి.

నెవెంకా ఫ్రీజరు తెరిచి, గడ్డకట్టిన చేపల కింద, ఎప్పటిలాగే ఆ పెట్టెను దాచింది.