మొగ్గల దొంగ

"అడుగో, మళ్లీ దాపురించాడు!"

టైలరమ్మ కుట్టుమిషన్ ఆపేసి కిటికీలోంచి చెల్లెలికి చూపించింది.

గేటు బయట టోపీ పెట్టుకున్న ముసలాయన. ఇంటిముందు పొదనే చూస్తున్నాడు. దాని ఆకులన్నీ ఎర్రగా, నారింజరంగుగా మారి రాలడానికి సిద్ధంగా ఉన్నాయి. ఏటా ఈ రోజుల్లోనే వస్తాడు. ఆమె కిటికీలోంచి కసరగానే వెళ్లిపోతాడు.

ఆ పొద ఆమె భర్త నాటింది. వసంతంలో తెల్లగా పూస్తుందని ఊరించి, ఆ పూలు చూడకుండానే పోయాడు. నాలుగేళ్లయినా ఒక్క పువ్వు లేదు. ఒక్కసారైనా అవి చూడాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

"మొగ్గలు వీడే తుంచుకుపోతున్నాడే."

"నువ్వు చూశావా అక్కా?"

"చూడాలేంటి? వాడి వాలకం చాలదూ!"

విసవిసా గేటు దగ్గరికి వెళ్లింది.

"ఏమయ్యా, మా పొద మీద పడ్డావేంటి?"

"అమ్మా, చలికాలంలో దీని కొమ్మలు కత్తిరిస్తున్నారా?"

"ఆకు రాలాక పుల్లల్ని అలాగే వదిలేస్తానా? దారప్పోగు వేలాడినా ఊరుకోను నేను."

"కత్తిరించకండమ్మా. మీ ఆయన..."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. భర్త స్నేహితుణ్నంటూ ఇదివరకు ఒకడొచ్చి, బాగుచేయిస్తానని పాత మిషన్ పట్టుకుపోయి పత్తా లేకుండా పోయాడు.

"పోయినవాళ్ల పేరు చెప్పుకునే దొంగల్ని చాలామందిని చూశాన్లే. ఇంకోసారి కనిపిస్తే పోలీసుల్ని పిలుస్తా!"

ముసలాయన ఏదో అనబోయాడు. ఆమె గేటు ధడాలున వేసేసింది.

ఆ చలికాలం టైలరమ్మ మణికట్టు బెణికింది. పొద జోలికి వెళ్లలేదు.

వసంతం రాగానే పొద నిండా తెల్లటి పూలు!

ఆమె భోరున ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, "చూశావా? వాడి పీడ వదిలింది, పొద పూసింది" అంది చెల్లెలితో.

ఆ సంబరంలోనే ఎరువు కొనడానికి మొక్కల దుకాణానికి వెళ్లి, అక్కడి అమ్మాయికి దొంగ కథంతా చెప్పింది.

"ఈసారి కొమ్మలు కత్తిరించలేదా అండీ?"

"లేదమ్మా, చెయ్యి నొప్పి."

"అందుకే పూసింది. ఆ పొదకి మొగ్గలు ముందు ఏడాదే కొమ్మల చివర్న కట్టేస్తాయి. చలికాలంలో కత్తిరిస్తే అవే పోతాయి."

ఇన్నేళ్లూ మొగ్గలు తుంచింది తనే!

"ఆ టోపీ ఆయనా ఇదే అడిగాడమ్మా. ఆయన నీకు తెలుసా?"

అమ్మాయి చేతిలోని ఎరువు సంచి కింద పెట్టింది.

"మా తాతయ్యండీ, పోయిన నెల పోయారు... 'మా ఆవిడ ఆ పూలు చూసేదాకా ఏటా వెళ్లి పొదని చూస్తూ ఉండు' అని మీవారు ఆఖరి రోజుల్లో ఒట్టు వేయించుకున్నది ఆయనతోనే."