డోలీలో మేడమ్

“కింద పెట్టండ్రా బాబూ! నా భుజం ఊడి కింద పడేలా ఉంది,” అన్నాడు డోలీ వెనక కొమ్ము మోస్తున్న కబెరా.

“పొద్దున మింగిన అరటికాయలు అప్పుడే అరిగిపోయాయా బావా?” అన్నాడు ముందు కొమ్ము కింద ఉన్న సెంబగారె. అన్నాడే గాని, అతనూ కొమ్ము కింద భుజం సర్దుకుంటూనే ఉన్నాడు. రాత్రి సరిగా నిద్ర లేదు. నిన్న కూడా ఇదే కొండ, ఇదే మోత.

డోలీలో విల్మా పకపకా నవ్వింది. హాలెండు నుంచి వచ్చిన ముసలావిడ, ఒంటిమీద నీలం వానకోటు. నవ్వూ, మాటలూ, బరువూ అన్నీ దండిగా ఉన్న మనిషి. మోకాళ్ళు అరిగి నడవలేదు గనక, బ్విండి అడవిలో గొరిల్లాలు చూపించడానికి నలుగురు మనుషులు ఆమెని మోస్తున్నారు. అందరికంటే ముందు రేంజరు బ్యాముకామ, భుజాన తుపాకీతో.

“అడవి మొదలవకుండానే ఈ మూలుగులైతే ఎలా?” అని విసుక్కున్నాడు రేంజరు. “మబ్బు పట్టింది. గొరిల్లాలు మీకోసం పీటలేసుకుని కూర్చోవు.”

విల్మా ముందుకి, సెంబగారె వైపు వంగింది. “నువ్వెప్పుడైనా గొరిల్లాని చూశావా, అబ్బాయ్?”

“నేను పుట్టిందే వాటి పక్కన, పెద్దమ్మా. నాకు నడక రాకముందే ఈ అడవిని పార్కు చేశారు. మా ట్వా జనాన్నందర్నీ బయటికి పంపేశారు. ఇప్పుడు ఎవరినో ఒకరిని మోస్తేనే లోపలికి రానిస్తారు.”

“ఇంట్లో ఎవరుంటారు?”

“అమ్మ ఉంది. ఆవిడవీ మీ మోకాళ్ళే.”

విల్మా తన మోకాళ్ళు తడుముకుంది.

“మీ ఇల్లెక్కడ?”

“అదుగో, అడవి అంచున ఆ ఆఖరి గుడిసె.”

“అక్కడ ఆపండి. నాకు దాహంగా ఉంది.”

రేంజరు తల కొట్టుకున్నాడు. “త్వరగా తెమలండి” అని, జాడ తీసేవాళ్ళతో వైర్లెస్‌లో మాట్లాడుకుంటూ తను ముందుకి నడిచాడు.

గుడిసెలో జొన్నజావ పోశారు. చాలాసేపు పట్టింది. లోపల్నుంచి ముసలి నవ్వులు వినిపించాయి, తర్వాత అవీ ఆగిపోయాయి. సెంబగారె కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

“ఏమైందిరా?” అన్నాడు కబెరా.

“పొగ.”

కాసేపటికి కబెరా లోపలికెళ్ళి మేడమ్‌ని ఎత్తుకొచ్చి డోలీలో కూర్చోబెట్టాడు. కళ్ళదాకా నీలం వానకోటు టోపీ, చేతులకి తొడుగులు, ముఖానికి మాస్కు. మన జబ్బులు గొరిల్లాలకి అంటకూడదని పార్కులో అందరికీ మాస్కు తప్పనిసరి.

డోలీ లేచింది. అడవి మొదట్లో కాచుకున్న రేంజరు ఆశ్చర్యపోయాడు.

“ఏంట్రోయ్, ఇప్పుడు పరుగులు పెడుతున్నారు?”

“జొన్నజావ మహిమ, సార్!” అన్నాడు కబెరా.

ఆ పరుగు ఎంతోసేపు నిలవలేదు. బురద, వేళ్ళు, దురదగొండి ఆకులు. చీమలు పాంటు లోపల్నుంచి పైకి పాకుతున్నాయి, దులుపుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. సెంబగారె భుజం మీద పాత కాయ పగిలి మండుతోంది. భుజం మార్చుకుంటూ, పళ్ళు బిగించి, ఒక్కో అడుగూ లాగుతున్నాడు.

“బాగానే ఉన్నారా, మేడమ్?” అని కేకేశాడు రేంజరు.

డోలీలోంచి తొడుగు వేసిన చెయ్యి ఊగింది.

“నోరు నొప్పెట్టినట్టుంది, సార్. పొద్దుట్నుంచీ వాగీ వాగీ,” అన్నాడు కబెరా.

దారి చీలిన చోట వైర్లెస్ గరగరలాడింది. గొరిల్లాలు కుడివైపు లోయలోకి దిగాయట. సరిగ్గా అప్పుడే డోలీలోంచి చెయ్యి లేచి ఎడమ గట్టు వైపు చూపించింది.

“మేడమ్‌కి దారులు కూడా తెలుసా?” అన్నాడు రేంజరు.

“గట్టు మీంచి లోయంతా కనిపిస్తుంది కదా సార్,” అన్నాడు సెంబగారె గబగబా. “ఫోటోలకి బాగుంటుంది.”

“లోయలోకి డోలీ దిగదు. ఆ గట్టెక్కి దిగేసరికి వాన పడుతుంది. పదండి, వెనక్కి తిప్పండి. ఇవాళ్టికి చాలు.”

సెంబగారె డోలీ కొమ్ము వదలకుండానే ముందుకి వంగాడు. “సార్, ఈవిడకి ఇవాళ తప్పితే ఇంకో రోజు లేదు. ఈ ఒక్కసారికి ఒప్పుకోండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“అడవేదో మీ తాతల సొత్తయినట్టు ఏంట్రా ఈ పట్టుదల?”

సెంబగారె నేల చూపులు చూశాడు. “కాదు సార్.”

రేంజరు కూడా అలిసిపోయే ఉన్నాడు. వాదించే ఓపిక లేక చెమట తుడుచుకుని, “సరే, ఏడవండి” అన్నాడు.

ఎక్కారు. గట్టు మీద చదునైన చోటికి రాగానే ఆ చెయ్యి కొమ్ము మీద టకటకా కొట్టింది. దింపారు. మేడమ్ మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి రెండు చెట్ల మధ్య చతికిలబడింది.

కింద లోయలో గుండె బాదుకున్న చప్పుడు. రేంజరు ముఖం వెలిగిపోయింది. “మేడమ్, మేడమ్! అదుగో పెద్ద మగది! లేవండి, లేవండి!”

ఆమె తలైనా తిప్పలేదు. రెండు చేతులతో మెల్లగా, పసిపిల్లకి ఒళ్ళు తుడిచినట్టు, రాలిన ఆకులు పక్కకి నెడుతోంది.

“ఇంత దూరం వచ్చి గొరిల్లాని చూడకుండా చెత్త ఊడ్చుకుంటుందేంటి ఈవిడ! ఏం మనుషులో!” అనుకుంటూ రేంజరు దుర్భిణి తీసుకుని గట్టు చివరికి వెళ్ళిపోయాడు.

సెంబగారె నీరసంగా ఆమె పక్కన కూలబడ్డాడు. ఆకుల కింద, మట్టిలో సగం కూరుకుపోయి, మసిబారిన రాళ్ళు మూడు.

ఆమె మాస్కు కిందికి లాగి, అతని చెవి దగ్గరికి వంగింది.

“ఒరే కొడకా, మన పొయ్యి ఇదేరా.”