కరిమల ఎక్కిన రోజు

కరిమల సగం ఎక్కేసరికి రాయమల్లు కాళ్లు మొరాయించాయి.

నెత్తి మీద ఇరుముడి. కాళ్లకు చెప్పుల్లేవు. శబరిమలకు పోయే ఈ అడవిదారిలో రాళ్లు, చెట్ల వేర్లు తప్ప దారి అనేదే కనపడదు. ఇన్నేళ్లు బొగ్గుబాయి దిగి ఎక్కినవాడికి ఈ కొండ ఒక లెక్కా అనుకున్నాడు. లెక్కేనని ఇప్పుడు తెలిసొచ్చింది.

“జరసేపు కూసుందాం స్వామీ,” అన్నాడు వెనక నుంచి సదానందం. గోదావరిఖనిలో ఇద్దరిదీ ఒకే షిఫ్టు. అక్కడ బావా అని పిలిచేవాడు, మాల వేసుకున్నాక స్వామీ అంటున్నాడు.

“కూసుంటే మల్ల లేవను. నడువు.”

“బీపీ మనిషివి. బస్సుల పంబకు పొమ్మని గురుస్వామి గంతగనం చెప్పె. ఇనకపోతివి. గోలీ అన్న ఏసుకున్నవా?”

“మాల ఏసుకున్నంక గోలీలెందుకు? అన్నీ అయ్యప్పే చూసుకుంటడు.”

గోలీలు అసలు వెంట తెచ్చుకోనేలేదు. ఆ సంగతి భార్య మల్లక్కకు తెలుసు. బయలుదేరేటప్పుడు ఆమె మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

సోమవారం కంపెనీ మెడికల్ బోర్డు, బాయి పనికి ఒళ్లు సరిపోతుందో లేదో తేల్చేది. దిష్టి తగులుతుందని బయట ఎవరికీ చెప్పలేదు, సదానందానికి కూడా. ఇంతకుముందు ఒకసారి బోర్డుకు పోయాడు. వాళ్లు చెప్పింది విని ఇంటికొచ్చిన రోజు మల్లక్క పొయ్యి వెలిగించలేదు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కొడుకు వీరేందర్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. రిటైర్మెంటు దగ్గరపడింది, ఇక మళ్లీ బోర్డు పిలవదు. ఈసారీ అదే మాట వింటే ఆ ఇంటి బతుకు బుగ్గిపాలే.

“స్వామీ, నా గుండె సంగతి నీకే ఇడిచిపెడుతున్న,” అని మొక్కి మళ్లీ అడుగు వేశాడు.

వద్దంటున్నా వినకుండా సదానందం సంచీ కూడా తన భుజానికే తగిలించుకున్నాడు. నీళ్లిస్తే తాగలేదు. ఛాతీలో ఎవరో సమ్మెటతో బాదుతున్నట్టుంది. అయినా ఆగలేదు, ఇంకా జోరుగా నడిచాడు. భక్తంటే ఇదీ అని తోటి స్వాములు అతనికి దండం పెట్టారు.

కొండ పైకి చేరాడు. చేరగానే కళ్లు తిరిగి పడిపోయాడు.

మెలకువ వచ్చేసరికి వైద్య శిబిరంలో బల్ల మీద ఉన్నాడు. ఛాతీకి తీగలు తగిలించి ఉన్నాయి. మలయాళీ డాక్టరమ్మ మిషన్ వైపు చూసి, వచ్చీరాని హిందీలో ఏదో చెప్పింది. సదానందం మొహం వెలిగిపోయింది.

“ఏం ఫికర్ లేదట! తిండి, నీళ్లు లేక కండ్లు తిరిగినయంతే. బీపీ జర ఎక్కువున్నదట గని గుండె మాత్రం ఉక్కులెక్క ఉన్నదట. ఇంక పదేండ్లన్న బాయి దిగొచ్చు బావా!”

సంబరంలో మాల సంగతి మరిచి బావా అనేశాడు.

రాయమల్లు రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. అయ్యప్ప దయ తలచుకుని ఏడుస్తున్నాడనుకుని, శిబిరంలోని స్వాములంతా గొంతెత్తి శరణుఘోష అందుకున్నారు.

బోర్డు ‘అన్‌ఫిట్’ అంటేనే తన నౌకరి వీరేందర్‌కు వచ్చేది. అందుకోసం గోలీలు మానేసి ఇంత కొండ ఎక్కినా, ఈ మొండి గుండె పాడుకాలేదు.